తాకే చెయ్యి ఎవరికి జవాబు చెప్పాలి?

అంగళ్లులో మేం అద్దెకుంటున్న ఇంటి గుమ్మం పక్కన నా పేరు బోర్డు కొట్టింది నేను కాదు, మా నాన్న. నాకు పిహెచ్‌డి వచ్చిన సంబరంలో పేరు ముందు ‘డాక్టర్’ అని పెద్దక్షరాలతో రాయించి, పుంగనూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. తెలుగు స్త్రీల ఆత్మకథల మీద నేను చేసిన పరిశోధన ఆ బోర్డు మీద ఎక్కడా కనపడదు. అందుకని వీధిలోవాళ్లు పిల్లల జ్వరాలకీ, బీపీ మాత్రలకీ నా తలుపు తట్టడం మామూలైపోయింది.

2024 చలికాలంలో ఒక సాయంత్రం పక్కింటి అక్క వచ్చింది. టమోటా మండీలో కాయలు ఏరి క్రేట్లకెత్తే పని ఆమెది. తెల్లవారుజామున మొదలుపెడితే ఎండెక్కేదాకా గొంతుక్కూర్చునే ఉండాలి. ఇరవై ఏళ్లుగా అదే పని. పావడా అంచు కాస్త పైకి జరిపి, వాచిన మోకాలు చూపించి, “పాపా, డాకటరమ్మవి గదా, ఇదేందో ఒగసారి సూడు” అంది.

నేను ఆ డాక్టర్ని కాదక్కా అని చెప్పాను. “మల్లేం డాకటరు మే నువ్వు?” అని నవ్వింది. పుస్తకాల డాక్టర్నని చెప్పాను. ఆమెకది నమ్మశక్యంగా అనిపించలేదు. చివరికి మదనపల్లెలో ఎముకల డాక్టరుకి చూపించాం. ఆయన ఎక్స్‌రే చూసి, అరిగింది, వ్యాయామం చేయించుకో అని ఫిజియోథెరపీకి రాశాడు. మేడ మీద చిన్న గది, పచ్చ తెర, ఒక బల్ల, గోడకి ఎముకల బొమ్మ. కుర్రాడు మర్యాదస్తుడే. మోకాలి చిప్పను అటూ ఇటూ కదిలించాడు, తొడ కండరం పట్టి చూశాడు, కాలు ఎత్తించాడు, దించించాడు. అక్క కళ్లు గట్టిగా మూసుకుని పడుకుంది.

తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి అడిగింది. “ఆయప్ప ఏం సదివినాడు పాపా? ఆయప్ప పట్టింది సరిగ్గా పట్టినాడా, తప్పుగా పట్టినాడా? తప్పయితే మనం ఎవుర్ని అడగాల?”

నాకు ఒక్కదానికీ జవాబు తెలియలేదు. బోర్డు మీద మూడక్షరాల డిగ్రీ చూశాను, అంతే. ఆ డిగ్రీ నిజమో కాదో చూసుకునే జాబితా ఎక్కడుందో తెలియదు. తప్పు జరిగితే ఫిర్యాదు ఎవరికివ్వాలో తెలియదు. అసలు ఫిజియోథెరపీలో తప్పు అంటే ఏమిటో కూడా తెలియదు. నా బోర్డు చూసి నన్ను నమ్మిన ఆమెకీ, అతని బోర్డు చూసి అతన్ని నమ్మిన నాకూ తేడా ఏముంది?

ఈ వ్యాసం ఆ మూడో ప్రశ్న గురించి.

*

అక్క ప్రశ్నకి చట్టం రూపంలో ఒక జవాబు ఉంది. 2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం. అంతకు ముందు మన దేశంలో డాక్టర్లకీ, నర్సులకీ, మందుల షాపు ఫార్మసిస్టులకీ దేశమంతటికీ వర్తించే చట్టాలూ కౌన్సిళ్లూ ఉన్నాయి గానీ ఫిజియోథెరపిస్టులకి అటువంటిది లేదు. ఎవరు ఎన్ని గంటలు చదవాలి, ఎవరి పేరు రిజిస్టరులో ఎక్కాలి, ఎవరి పేరు కొట్టేయాలి అన్నవి చూడడానికి కేంద్రంలో కమిషను, రాష్ట్రాల్లో కౌన్సిళ్లు ఉండాలని ఈ చట్టం చెప్పింది. ‘ఆరోగ్య సంరక్షణ వృత్తి’ వాళ్లకి కనీసం 3,600 గంటల చదువు ఉండాలంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ చట్టం వచ్చి మూడేళ్లు దాటినా చాలా రాష్ట్రాల్లో అది నడవకపోతే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు పెట్టి మరీ గుర్తు చేయాల్సి వచ్చింది.

ఈ చట్టం గురించి దేశమంతా మాట్లాడుకున్న సందర్భం మాత్రం వేరు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త ఫిజియోథెరపీ పాఠ్యప్రణాళిక, ఫిజియోథెరపిస్టులు పేరు ముందు ‘డాక్టర్’ అనీ వెనక ‘పీటీ’ అనీ రాసుకోవచ్చంది. సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అలా రాసుకోకూడదని ఉత్తరం రాసింది. మర్నాడే ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంది. ఆ రెండు రోజులూ టీవీల్లో, పత్రికల్లో ఒకటే గొడవ. రోగులు మోసపోతారని ఒక పక్షం. మేమేం తక్కువ చదివామా అని ఇంకో పక్షం.

పేరు ముందు ఆ మాట మోస్తున్న మనిషిగా నాకా తగాదా నవ్వు తెప్పించింది. తర్వాత దిగులు పుట్టించింది. ఇరువైపులా రోగి పేరు చెప్పినవాళ్లే. కానీ బల్ల మీద కళ్లు మూసుకుని పడుకున్న మనిషిని పిలిచి, నీకేం కావాలమ్మా అని అడిగినవాళ్లు నాకు కనపడలేదు. ఆమెకి కావలసింది బిరుదు కాదు. ఆ చెయ్యి ఎవరిదో, అది ఏం చేస్తోందో, తప్పు చేస్తే ఎక్కడ చెప్పుకోవాలో, ఇవి కావాలి. వృత్తి గౌరవం గురించి ఎంత మాట్లాడినా ఈ మూడూ అందులో వాటంతటవి వచ్చి చేరవు.

*

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, చెప్పదగ్గ సంగతి అవునో కాదో తేలకనే.

థీసిస్ చివరి ఏడాది నా కుడి భుజం బిగుసుకుపోయింది. జడ వేసుకోవడానికి చెయ్యి లేచేది కాదు. ఒక నగరంలో పేరున్న చోటికే వెళ్లాను. అద్దాల తలుపులు, ఏసీ, గోడ నిండా సర్టిఫికెట్లు. నాలుగో రోజు అతని చెయ్యి భుజం మీంచి ముందుకు, పక్కటెముకల మీదికి వచ్చింది. ఏమీ చెప్పలేదు. నొక్కాడు, తీశాడు, మళ్లీ నొక్కాడు. అది భుజాన్ని పట్టి ఉంచే కండరం కావచ్చు. అక్కడ కండరం ఉందని తర్వాత పుస్తకంలో చూశాను. కాకపోనూవచ్చు. అతని ముఖంలో ఏమీ లేదు. నా నోట్లోంచి మాట రాలేదు. అడిగితే అవమానించినట్టవుతుందా? అడగకపోతే ఒప్పుకున్నట్టవుతుందా? ఫీజు కట్టి, థాంక్యూ చెప్పి బయటికొచ్చాను. మళ్లీ వెళ్లలేదు. ఏడాది పాటు ఆ చేత్తో జడ వేసుకోలేదు.

స్త్రీల శరీరాల గురించి, ఆ శరీరాల మీద ఎవరి అధికారం నడుస్తుందన్న దాని గురించి అప్పటికి నాలుగు వందల పేజీలు రాసి ఉన్నాను. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ కవితా సంకలనం మీద సెమినార్లలో మాట్లాడి ఉన్నాను. అయినా “ఇక్కడెందుకు నొక్కుతున్నారు?” అన్న మాట నా గొంతు దాటలేదు.

అది వైద్యమో, మరొకటో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను మోసుకు తిరుగుతున్న భారం ఈ తెలియకపోవడమే. మంచివాడైతే అతన్ని అకారణంగా అనుమానించానన్న సిగ్గు. కాకపోతే నా తర్వాత ఆ బల్ల ఎక్కినవాళ్ల గురించి నేనేమీ చేయలేదన్న సిగ్గు. అతను ఒక్క ముక్క ముందుగా చెప్పి ఉంటే ఈ రెండు సిగ్గులూ ఉండేవి కావు. ఆ ఒక్క ముక్క చెప్పడం అతని మంచితనానికి వదిలేయాల్సిన విషయమా, వృత్తిధర్మంలో భాగమా?

*

‘నిపుణుడు కదా, అతనికి తెలుసు’ అనుకోవడం ఎక్కడిదాకా పోతుందో లారీ నాసర్ కథ చెప్పింది. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు. లైసెన్సు ఉంది, కీర్తి ఉంది. వెన్నుకీ, తుంటికీ చికిత్స పేరుతో ఏళ్ల తరబడి ఆడపిల్లల్ని లైంగికంగా హింసించాడు, కొన్నిసార్లు తల్లిదండ్రులు అదే గదిలో ఉండగానే. 2014లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఒక యువతి ఫిర్యాదు చేసింది. యూనివర్సిటీ విచారణ జరిపింది. అది వైద్యమా కాదా తేల్చమని నిపుణుల్ని అడిగింది. ఆ నిపుణులు అదే సంస్థకి చెందినవాళ్లు, అతన్ని ఎరిగినవాళ్లు. అది వైద్యమే, అమ్మాయికి తేడా తెలియలేదు అని తేల్చారు. అతను మళ్లీ రోగుల్ని చూడడం మొదలుపెట్టాడు. 2016లో ఒక స్త్రీ పత్రిక ముందుకొచ్చి పేరు చెప్పుకుని మాట్లాడాక గానీ గోడ కూలలేదు. 2018 జనవరిలో నూట యాభై మందికి పైగా కోర్టులో ఒకరి తర్వాత ఒకరు నిలబడి చెప్పారు. 40 నుంచి 175 ఏళ్ల శిక్ష పడింది.

నాసర్ రాక్షసుడు, అందరూ అలా ఉంటారా అనొచ్చు. ఉండరు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ఓపిగ్గా, నిజాయితీగా పని చేసేవాళ్లే. నన్ను కలవరపెట్టింది ఆ విచారణ. చెయ్యి ఏం చేసిందో తేల్చడానికి అడగవలసినవాళ్లు మిగతా చేతులవాళ్లే అనుకోవడం. ఆ ఒళ్లు ఎవరిదో వాళ్ల సాక్ష్యం ‘అజ్ఞానం’ కింద జమ కావడం. జ్ఞానం వృత్తిలో ఉంటుంది, శరీరంలో ఉండదన్న నమ్మకం అది. ఈ నమ్మకాన్ని స్త్రీవాదులు మొదట్నుంచీ ప్రశ్నిస్తూనే ఉన్నారు. 1970లలో బోస్టన్ స్త్రీలు తమ శరీరాల గురించి తామే పుస్తకం రాసుకున్నారు. ఆ స్ఫూర్తితో హైదరాబాదు స్త్రీవాదులు తెలుగులో ‘సవాలక్ష సందేహాలు’ తెచ్చారు. ఆ పేరులోనే ఒక హక్కు ఉంది. సందేహం వచ్చినవాళ్లు అజ్ఞానులు కారు, అడిగే అధికారం ఉన్నవాళ్లు అని.

*

మరి ఎలా ఉండాలి? కెనడాలో ఆంటారియో రాష్ట్రంలో కైనిజియాలజిస్టులని ఒక వృత్తివాళ్లున్నారు. ఒళ్లు ఎలా కదులుతుందో చదివి, కదలికలతోనే నొప్పి తగ్గించి, గాయపడినవాళ్లని మళ్లీ పనిలోకి పంపేవాళ్లు. మన దగ్గర ఆ పేరుతో బోర్డు నేను చూడలేదు. వాళ్లు చేసే పనిలో చాలా భాగం ఇక్కడ ఫిజియోథెరపిస్టులే చేస్తారు. 2007లో అక్కడ కైనిజియాలజీ చట్టం చేశారు. 2013 ఏప్రిల్ 1 నుంచి వాళ్ల నియంత్రణ సంస్థ పని మొదలుపెట్టింది. పేరు ‘కాలేజీ’ అయినా అది పాఠాలు చెప్పే కాలేజీ కాదు. అందులో నమోదు కానివాళ్లు ఆ పేరు వాడుకోకూడదు. ఎవరైనా రిజిస్టరు తెరిచి పేరు వెతుక్కోవచ్చు, శిక్షలేమైనా పడ్డాయేమో చూసుకోవచ్చు. నమోదైనవాళ్లు తమ పనిని తామే బేరీజు వేసుకోవాలి, ఏం నేర్చుకుంటారో రాసుకోవాలి, కొందరి పనిని తోటివాళ్లు వచ్చి పరిశీలిస్తారు. దీన్ని నాణ్యతా హామీ అంటారు.

నాణ్యతా హామీ అన్న మాట వినగానే ఈ పత్రిక చదివేవాళ్లలో సగం మందికి తల నొప్పి మొదలవుతుందని నాకు తెలుసు. కాలేజీల్లో ఆ పేరుతో మనం ఎన్ని ఫైళ్లు కట్టలేదు! నాక్ కమిటీ వస్తోందంటే పూలకుండీలు వస్తాయి, గోడలకి సున్నం పడుతుంది, జరగని సమావేశాల మినిట్స్ పుట్టుకొస్తాయి. ఆ మినిట్స్ చక్కటి అక్షరాలతో రాసి పెట్టే పని ఎప్పుడూ తెలుగు డిపార్టుమెంటు మేడమ్‌కే పడుతుంది. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ ఉందా అని అడిగే గడి మాత్రం నేను నింపిన ఏ ఫారంలోనూ నాకు తగల్లేదు. నాణ్యత అంటే ఏమిటో నిర్ణయించేవాళ్లు ఆ గదికి వెళ్లాల్సిన అవసరం లేనివాళ్లు. కాగితం పూర్తయితే నాణ్యత ఉన్నట్టే. తనని తాను బేరీజు వేసుకునే కైనిజియాలజిస్టు కూడా అదే పని చేయవచ్చు. నాసర్‌కి ఆ ఫారం ఇచ్చి ఉంటే పదికి పది వేసుకునేవాడు.

అందుకే ఆంటారియోలో నన్ను ఆకట్టుకున్నది ఫారం కాదు, దాని వెనకున్న చరిత్ర. 1991లో అక్కడి వైద్యుల నియంత్రణ సంస్థే, రోగుల మీద జరుగుతున్న లైంగిక హింస గురించి విచారించమని ఒక స్వతంత్ర బృందాన్ని వేసింది. మారిలూ మెక్‌ఫెడ్రన్ అనే స్త్రీహక్కుల న్యాయవాది దానికి అధ్యక్షురాలు. ఆ బృందం వృత్తినిపుణులతో ఆగకుండా బాధితుల్ని పిలిచి వింది. దాని ఫలితంగా 1993లో చట్టం మారింది. చికిత్స చేసే మనిషికీ రోగికీ మధ్య లైంగిక సంబంధం ఏర్పడితే ‘ఆమె ఒప్పుకుంది’ అన్న వాదన చెల్లదు. తీవ్రమైన వాటికి లైసెన్సు రద్దు తప్పనిసరి. తోటి వృత్తివాళ్లకి తెలిస్తే చెప్పి తీరాలి. బాధితుల కౌన్సిలింగ్ ఖర్చు ఆ వృత్తి సంస్థే పెట్టుకోవాలి. తర్వాత పుట్టిన కైనిజియాలజిస్టులకి కూడా ఇవే నియమాలు వర్తిస్తాయి. పాలకమండలిలో ఆ వృత్తికి చెందని సామాన్యులు కూడా ఉంటారు.

అక్కడంతా బాగుందని కాదు. 2017లో ఆ చట్టాన్ని మళ్లీ గట్టి చేయాల్సి వచ్చిందంటే అంతకు ముందు కన్నాలున్నాయనే కదా. కానీ ‘ఒప్పుకుంది’ చెల్లదు అన్నచోట ఆ చట్టం ఒక విషయం గుర్తించింది. బల్ల మీద పడుకున్న మనిషికీ, పక్కన నిలబడ్డ మనిషికీ మధ్య బలం సమానం కాదు. ఆ తేడాకి బాధ్యత నిలబడ్డవాళ్లదే. నా మౌనానికి పేరు పెట్టిన చట్టం ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఉందని తెలిసినప్పుడు, ఏళ్ల తర్వాత, నాకు ఊపిరి ఆడింది.

*

ఇంతవరకూ రాసి, రిజిస్టరు ఉంటే చాలు అని ముగించబోయాను. కానీ రిజిస్టరుకి ఇంకో ముఖం ఉంది. అది చరిత్రలోనూ ఉంది, మా ఇంట్లోనూ ఉంది.

1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్, లండన్‌లో మర్దన కేంద్రాల ముసుగులో వ్యభిచారం జరుగుతోందని రాసింది. నిజంగా మర్దన చేసి బతికే స్త్రీల పరువు పోయింది. అప్పుడు నలుగురు స్త్రీలు, నర్సులూ మంత్రసానులూ, శిక్షణ పొందిన మర్దన స్త్రీల సంఘం పెట్టారు. వాళ్లలో రోజలిండ్ పాజెట్ ఒకరు. పరీక్షలు, సర్టిఫికెట్లు, జాబితా. నియమాలు కూడా. డాక్టరు చెప్పందే చేయకూడదు. మగవాళ్లకి చేయకూడదు, డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప. నేటి బ్రిటిష్ ఫిజియోథెరపీ సంఘం ఆ విత్తనంలోంచి మొలిచిందే. అంటే ఈ వృత్తికి మొదటి రిజిస్టరు రాసింది స్త్రీలే, తమ పరువు కాపాడుకోవడానికి. అందుకు వాళ్లు చెల్లించిన ధర డాక్టరు కింద పని చేయడానికి ఒప్పుకోవడం. 2025లో ‘డాక్టర్’ అన్న మాట మీద జరిగిన తగాదా ఆ పాత ఒప్పందం తాలూకు బాకీయే అనిపిస్తుంది నాకు. ఇంకో ధర కూడా ఉంది. ‘మేం వాళ్లలాంటివాళ్లం కాదు’ అని గీత గీయడం. గీతకి అవతల మిగిలిన స్త్రీల పేర్లు ఏ జాబితాలోనూ లేవు.

మన దగ్గరా అదే జరిగింది. మన చిత్తూరు సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగా 1926లో నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. చదువుకున్న మంత్రసాని రిజిస్టరులో చేరింది. చేతి పనితో నేర్చుకున్న మంత్రసాని మిగిలిపోయింది.

నాకు కూతురు పుట్టినప్పుడు పుంగనూరులో మా అమ్మ ఒక ముసలామెని పిలిపించింది. రోజూ పొద్దున్నే వచ్చి, కాళ్లు చాపుకుని కూర్చుని, పసిపిల్లని ఆ కాళ్ల మీద పడుకోబెట్టి ఆముదం రాసి, నీళ్లు పోసేది. తర్వాత నాకు ఒళ్లు పట్టేది. ఆమె చెయ్యి ఎక్కడ పడబోతోందో ముందే నోరు చెప్పేది. “ఇప్పుడు నడుం పడతా. నొప్పయితే చెప్పమ్మా, ఓర్చుకోబాక.” నగరంలో ఏసీ గదిలో నాకు దొరకని మాట అది. ఆమె ఏ కోర్సులోనూ నేర్చుకున్నది కాదు.

ఇక్కడే ఆగిపోతే బాగుంటుంది. మంచి వ్యాసం అవుతుంది. కానీ అబద్ధమవుతుంది.

ఆమె మంగలి కులస్త్రీ. మా ఇంట్లో నా ఒంటి మీద ఎక్కడైనా చెయ్యి వేయగలిగిన ఆమె, వంటింటి గడప దాటేది కాదు. కాఫీ ఆమెకి వేరే గ్లాసులో వచ్చేది. డబ్బు కన్నా పాత చీర, బియ్యం, కొబ్బరికాయ ఎక్కువ. ఆమె ముందుగా చెప్పి ముట్టుకోవడంలో నేర్పు ఉంది, నిజమే. భయం కూడా ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పెద్దింటి ఆడదానికి నొప్పి పుడితే, పసిబిడ్డకి ఏమైనా అయితే, ఊరు ఎవరి మీద పడుతుంది? ఆమె జవాబుదారీ వీధిలో అందరికీ. ఆమెకి జవాబుదారీ ఎవరూ లేరు. అదే సమయంలో ఆమె పసిపిల్ల ముక్కులో రెండు చుక్కల నూనె వేయబోయింది. నేను వద్దన్నాను. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే పిల్లకి ప్రమాదం. ఆమెకి అది తెలియదు, ఎవరూ చెప్పలేదు. పుత్తూరు కట్టు మీద మా జిల్లాలో ఎంత నమ్మకమో అందరికీ తెలుసు. పల్లెల్లో తెలియనివాళ్లు కట్టే కట్టు మరీ బిగిసిపోతే రక్తం ఆడక కాలు తీసేయాల్సి రావచ్చన్నదీ అంతే నిజం. చేతి జ్ఞానం అనగానే కళ్లకద్దుకోవడం కూడా ఆమెని వినకపోవడమే.

అంటే ఊరికొక రకం జవాబుదారీ ఉండేది. చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు. తప్పు చేసిన మనిషి రేపు అదే బావి దగ్గర కనపడాలి. కానీ ఆ న్యాయం కులాన్నిబట్టి నడిచేది. మగ నాటువైద్యుడి తప్పు విధి అయ్యేది, మంత్రసాని తప్పు నేరమయ్యేది. మేడ మీద గదిలో ఆ వీధి లేదు. కుర్రాడు ఎవరో మనకి తెలియదు, మనం ఎవరో అతనికి తెలియదు. వీధి పోయినచోట దాని బదులు రిజిస్టరు రావాలి. వీధి చేసిన అన్యాయాన్ని మాత్రం వెంట తెచ్చుకోకూడదు.

ఇది రాస్తుండగా ఇంకో సంగతి తెలిసి పెన్ను పక్కన పెట్టేశాను. నలభై రోజులు నా ఒళ్లు పట్టిన ఆమె పేరు నాకు తెలియదు. ఇంట్లో అందరూ కులం పేరుకి ‘అవ్వ’ చేర్చి పిలిచేవాళ్లం. రిజిస్టరు అంటే మొట్టమొదట పేరు కదా. ఆ మొదటి గడి నేనే ఖాళీగా వదిలేశాను. అమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఆమెకీ వెంటనే గుర్తు రాలేదు, ఎవరినో కనుక్కుని రాత్రికి చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయాలనుకున్నాను. ఆమె ఇంకా ఉంది. ఆమెని అడగకుండా రాయకూడదని ఆగాను.

*

రిజిస్టర్లు రావాలి. నకిలీ డిగ్రీల నుంచి, తెలియని చేతుల నుంచి కాపాడుకోవడానికి అంతకన్నా మంచి ఆయుధం మన దగ్గర లేదు. కానీ అవి ఎవరి కోసమన్నది ముందు తేలాలి. వృత్తి గౌరవం కోసమే అయితే అవి బిరుదుల తగాదాలతో నిండిపోతాయి. బల్ల మీద మనిషి కోసమైతే మూడు పనులు చేయాలి.

ఒకటి, ముట్టుకునే ముందు ఎక్కడో, ఎందుకో ఆమె భాషలో చెప్పడం మర్యాద కాదు, చికిత్సలో భాగం అని రాయాలి. చెప్పకపోవడం, కట్టు తప్పు కట్టడంతో సమానమైన తప్పు కావాలి. రెండు, ఫిర్యాదు వినేచోట ఆ వృత్తికి చెందనివాళ్లు, ముఖ్యంగా స్త్రీలు, కూర్చోవాలి. టమోటా మండీలో మోకాళ్లు అరగదీసుకున్న స్త్రీ, నీరుగట్టువారిపల్లెలో మగ్గం గుంటలో నడుం పోగొట్టుకున్న స్త్రీ కూర్చోవాలి. నొప్పి గురించి వాళ్లకి తెలిసింది ఏ నిపుణుడికీ తెలియదు. మూడు, రిజిస్టరు బయట ఉన్న చేతుల్ని నేరం కింద జమ కట్టకుండా, నూనె ముక్కులో వేయకూడదని చెప్పి, నడుం పట్టడం వాళ్ల దగ్గర నేర్చుకుని, కూలి ఇచ్చి, పేరు రాసుకునే దారి ఒకటి ఉండాలి. మొదటి రెండూ చట్టం పని. మూడోదానిలో సగం మన ఇళ్ల పని.

రెండో వారం మళ్లీ అక్కతో మదనపల్లె వెళ్లాను. బస్సులో ఆమెకి ఇవన్నీ చెప్పలేదు. “ఎందుకు నొక్కుతా ఉండావని అడగొచ్చక్కా, అడిగితే తప్పు లేదు” అని మాత్రం అన్నాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. నేను అడగలేని మాట ఆమెని అడగమనడం న్యాయమేనా అని నాకే సందేహం వచ్చింది.

బల్ల మీద పడుకున్నాక, కుర్రాడి చెయ్యి మోకాలి దగ్గరికి రాగానే అక్క కళ్లు తెరిచింది. “నాయినా, యాడ పడతావో ముందు చెప్పి పట్టుకో. ఎందుకు పడతావో కూడా చెప్పు. నాకు తెలిస్తే ఇంట్లో నేనే చేసుకుంటా” అంది. కుర్రాడు ఒక్క క్షణం ఇబ్బంది పడ్డాడు. తర్వాత గోడ మీది బొమ్మ దగ్గరికి వెళ్లి, ఇది మోకాలి చిప్ప, ఈ తొడ కండరం బలంగా ఉంటే చిప్ప మీద భారం తగ్గుతుంది, అందుకు పడుతున్నా అని చూపించాడు. అక్క తల ఎత్తి ఆ బొమ్మని చాలాసేపు చూసింది.

మేం బయటికి వస్తుంటే తెర వెనక నుంచి, తర్వాత వచ్చిన ముసలాయనకి అతను అదే చెప్పడం వినపడింది. మెట్లు దిగుతూ నేను కుడి భుజం కాస్త తిప్పి చూసుకున్నాను. ఇంకా కలుక్కుమంటోంది.